అరసున్న విలువ

ఫాల్గుణమాసపు కడపటి దినములు. సముద్రముమీదినుండి వచ్చు చల్లనిగాలి యింకను వేడెక్కకమునుపే సాలిపేట నడివీధిలో నేతపనివారు పడుగులు సాగదీసి కఱ్ఱలకు బిగించి యిరుప్రక్కల నిలువబడి గంజి పూయుచుండిరి. తడిసిన నూలుపోగులపై బాలభానుకిరణములు ప్రసరించి తళతళలాడుచుండ నింటింట గుంతమగ్గముల టకటకారావము చెలరేగుచుండ వేపపూత పరిమళమును గంజివాసనయు నొండొంటితో కలహించుచు వీధివెంట సాగుచుండ నా పేటకు సహజమైన ప్రాతఃకాలవైభవము పరిపూర్ణముగా వెలయుచుండెను. ఆ వీధికొసను మట్టిగోడలతో తాటాకుల కప్పుతో నొక దీర్ఘశాల కలదు. అదియే బోర్డువారి ప్రాథమిక పాఠశాల. అందు తూర్పుభాగమున ముప్పదిమంది పిల్లలు పదునాఱవ ఎక్కమును గొంతులు చించుకొని పాడుచుండిరి. పడమటిభాగమున మూడవ తరగతి యుపాధ్యాయుడు చామర్తి విశ్వపతి రెండుచేతులతో తల పట్టుకొని కూర్చుండి యుండెను.

విశ్వపతి యిరువదియాఱేండ్ల వయసువాడు. పుట్టుకతో శాంతుడే కాని యా శాంతము సాలిపేటకు వచ్చినది మొదలు కృష్ణపక్షచంద్రునివలె నానాటికి తఱుగుచుండెను. ఉపాధ్యాయశిక్షణము పొందుచున్న కాలమున నతడు గణితశాస్త్రముయొక్క పూర్వచరిత్రమును చదివి ముగ్ధుడై పోయెను. ఆదిమానవులు వ్రేళ్లు ముడిచి గులకరాళ్లు పేర్చి లెక్కించుకొనుటయు రోమకులు సున్న యెఱుగక యక్షరములతో కుస్తీలు పట్టుటయు మనదేశమున పుట్టిన యంకెలు సున్నను వెంటబెట్టుకొని అరబ్బుల చేతులమీదుగా పడమటిదేశములకు పయనమగుటయు తెలిసికొన్నకొలది నాతనికి నిద్రాహారములు పట్టలేదు. పిల్లలు గణితమును ఆముదమువలె మ్రింగుచున్నారనగా నది దాని పుట్టుపూర్వోత్తరములు చెప్పువారు లేకపోవుటచేతనే యనియు నది తెలిపినచో బెల్లమువలె తినగలరనియు నాతడు దృఢముగా నమ్మెను. నమ్మినది నమ్మినట్లు బోధించుటకు సాలిపేటలో మూడవ తరగతి దొరకెను.

ఆ తరగతి కథయు నిట చెప్పవలసియున్నది. అంతకుమున్ను సాలిపేటలో రెండు తరగతులే యుండెను. పేటవారు విన్నపములమీద విన్నపములు పంపుకొనగా బోర్డువారు పరీక్షార్థముగా నొక్క యేడాదికి మాత్రము మూడవ తరగతిని మంజూరుచేసిరి. సంవత్సరాంతమున పర్యవేక్షకుడు వచ్చి పిల్లలను పరీక్షించి లెక్కలలో వారు నిలిచిరేని తరగతిని స్థిరపఱచును. నిలువరేని యెత్తివేయును. ఎత్తివేసినయెడల చదువు కావలసినవారు గెడ్డ యను వాగు దాటి రెండుక్రోసులు నడచి పొరుగూరికి పోవలసినదే. తరగతిలోని పదునొకండుగురిలో నైదుగురు బాలికలు. ఆడపిల్లను గెడ్డ దాటించి చదివించు తండ్రి సాలిపేటలో నొక్కడును లేడు. ఆ యైదుగురును పలకలు దించి మగ్గముల ప్రక్కను నూలుకండెలు చుట్టుచు కూర్చుండవలసివచ్చును. ఈ సంగతి విశ్వపతి గుండెలో ముల్లువలె నాటియుండెను.

ఇట్టి బరువును నెత్తిన పెట్టుకొని యాతడు చరిత్ర బోధింప మొదలిడెను. పిల్లలు దానిని చెవులప్పగించి వినిరి. వినుటలో లోపమేమియు లేదు. వినినదానిని వారు వినియోగించిన విధమే యాతని ప్రాణములు తోడివేసెను. గవరయ్య యను చురుకైన బాలుడు మున్నూటయైదు వ్రాయుమన్నచో ముప్పదియైదు వ్రాసి యేమిరా యిది యని గద్దింపగా ఏమాత్రమును తడబడక బదులు చెప్పెను.

"ఇది సున్న పుట్టకముందు రాసిన లెక్కండి."

ఏడును ఎనిమిదియు కూడి పదునాలుగనిన నాడు అది రోమకదేశపు లెక్క యనెను. తీసివేతలో చేతికి దొరకినది వ్రాసిన నాడు అరబ్బులు పడవమీద తీసికొనిపోవుచుండగా నొక యంకె నీటిలో పడిపోయినదనెను. పదిదినములు గడచునప్పటికి తరగతిలో తప్పు అను మాటయే లేకపోయెను. ఏ పలకమీద నేమి యున్నను దానికొక దేశమును ఒక కాలమును సిద్ధముగా నుండెను. ఆదిమానవుల గులకరాళ్ల కథ చెప్పిన మఱునాడు పదునొకండుగురును ఒళ్లనిండ రాళ్లు నింపుకొని రాగా మధ్యాహ్నమునకు తూర్పుభాగమున నిరువురి తలలు బొప్పి కట్టెను. చరిత్రము చెప్పినవానికి కొట్లాటలు తీర్చుపనియు తగులుకొనెను.

ప్రధానోపాధ్యాయుడు సన్యాసయ్య పంతులు పాతకాలపు వీధిబడిలో పుట్టి పెరిగి యెక్కములతో తల నెఱసినవాడు. ఆయన పొడుము పీల్చుచు వచ్చి తగవు తీర్చి పోవుచు నొక్కమాట యనెను.

"ముప్పయ్యేళ్లనుంచి పాఠం చెబుతున్నానయ్యా. సున్న ఎవరు కనిపెట్టారని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నువ్వెందుకు అడిగించుకుంటావు?"

ఇది చాలదన్నట్లు పైడమ్మ తల్లి గౌరమ్మ నూలుచిలుపలు భుజమున వేసికొని బడివాకిట నిలిచి తనవంతు చెప్పిపోయెను. పైడమ్మ తరగతిలోని బాలికలలో నెల్ల చిన్నది. తొమ్మిదేండ్లు నిండలేదు. పలక కంటె ప్రశ్నలు బరువుగా మోయు పిల్ల.

"బాబూ, ఆ కాలపోళ్లకి లెక్కలు రావని మా పైడమ్మ గుంటకి సెప్పి ఏటి సుకమండి? రాకపోతే ఆళ్ల కర్మ. మా గుంటకి వత్తే సాలు."

ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. ఉన్నది గనుకనే విశ్వపతికి మఱింత మండెను. తాను ఋషులను గూర్చి చెప్పుచుండగా వీరు కందిపప్పు ధర యడిగినట్లున్నదని యాతడు లోలోన కుమిలి పోయెను. అయినను పట్టు విడువలేదు. కోపము వచ్చినకొలది చరిత్రము నింకను గట్టిగా చెప్పుచుండెను.

అంతలో పర్యవేక్షణకు తేది నిర్ణయమైనట్లు తాఖీదు వచ్చెను. వచ్చువారు కంభంపాటి జగ్గనశాస్త్రులవారు. ఆయన లెక్కలలో నెంత గట్టివారో అంతకు రెట్టింపు వ్యాకరణమున గట్టివారు. గ్రామ్యము వినిన చెవులు మూసికొందురనియు అరసున్న యుండవలసినచోట లేదని యలుగుదురనియు జిల్లా అంతట ప్రతీతి. ఒక పాఠశాలలో నిరువదిమంది పిల్లలు నేడు అను మాటను అరసున్న లేక వ్రాసిరని యా యేటికి ఆ బడి పేరే పట్టీలో చేర్పక పోయిరని సన్యాసయ్య పంతులు వణకుచు చెప్పెను. అది నిజమో కాదో చెప్పినవానికే తెలియదు. కాని భయమునకు సాక్ష్యముతో పనిలేదు గదా! పర్యవేక్షణకు ముందునాడు బడిలోని గోడలమీదను అట్టలమీదను బల్లమీదను ఎక్కడెక్కడ అరసున్న లోపించినదో అక్కడక్కడ దానిని చేర్చవలసినదని ప్రధానోపాధ్యాయుని యాజ్ఞ యాయెను.

ఆనాటి యుదయమున విశ్వపతి సున్నను గూర్చి తన జన్మలో నెన్నడు చెప్పనంత చక్కగా పాఠము చెప్పెను. ఏమియు లేదనుటకు గుర్తొకటి పెట్టవలెనని తోచినవాని సాహసమును గూర్చియు తనకు విలువ లేకయే పొరుగునున్న యంకెను పదిరెట్లు చేయు దాని మహిమను గూర్చియు నాతడు వర్ణించుచుండ పదునొకండు నోళ్లు తెఱచుకొని యుండెను. పాఠము ముగియగానే గవరయ్య లేచెను.

"పందిలో సున్న ఉంది గదండి. అయితే అది పది పందులేటండి?"

తరగతి ఫక్కున నవ్వెను. విశ్వపతి పండ్లు బిగబట్టి అక్షరముల నడుమ నుండు సున్న వేఱనియు నది ధ్వనికి మాత్రమే గుర్తనియు లెక్కతో కూడినదానికే యా మహిమ కలదనియు మూడుమాఱులు చెప్పి వానిని కూర్చుండబెట్టెను. మధ్యాహ్నమెల్ల అరసున్నలు చేర్చు పనియే సరిపోయెను. ఎండ వీపును మాడ్చుచుండ చెమట కారుచుండ గోడచెంత ముక్కాలిపీట యెక్కి యొక్కొక్క మాటకు నొక్కొక్క కొడవలివంటి గుర్తును తగిలించుచు లోలోన నా శాస్త్రులవారిని తన్నును సమస్తప్రపంచమును తిట్టుకొనుచు కడకు నల్లబల్లమీది శీర్షికకు వచ్చి మూడవ తరగతి యనుదానిలో మూ ప్రక్కను సుద్దతో నొక అరసున్న గీచెను. మూఁడవ తరగతి యాయెను. అంతట వెనుకనుండి పైడమ్మ కంఠము వినవచ్చెను.

"పంతులుగోరూ, మూడుకి నిండుసున్నెడితే ముప్పయ్యవుద్ది గదండి. మరి అరసున్నెడితే పదేనవుద్దేటండి? మనది పదేనో తరగతేటండి?"

ఇది పరిహాసమని విశ్వపతికి తోచెను. ఉదయమునుండి పందులును మధ్యాహ్నమునుండి కొడవళ్లును నెత్తికెక్కి కూర్చున్న యాతని సహనము ఆ క్షణమున తెగిన పోగువలె తటాలున తెగిపోయెను. పీట దిగి వచ్చి యా పిల్ల నడినెత్తిన ఠంగుమని యొక మొట్టికాయ పెట్టి కేకవేసెను.

"అవును! పదిహేనే! అరసున్న పెడితే అయిదురెట్లే! మనది పదిహేనో తరగతే! కూర్చో!"

పైడమ్మ తల రుద్దుకొనుచు కూర్చుండెను. తరగతియంతయు నిశ్శబ్దమాయెను. ఆ నిశ్శబ్దమును విశ్వపతి భయమని యెంచెను. అది భయము కాదు. పదునొకండుగురును ఆ మాటను భక్తితో గ్రహించుచుండిరి. పంతులుగారు చెప్పిరి. అట్టలన్నిటిమీద తమ చేతులతో వ్రాసిరి. ఇక సందేహమేమి? ఈ కథలో నితరత్ర అరసున్న కనబడకుండుటకు ఆనాటి మధ్యాహ్నమే కారణము. చదువరులు మన్నింతురు గాక.

మఱునాడు తొమ్మిదిగంటలకు జగ్గనశాస్త్రులవారి బండి వచ్చి బడియెదుట నిలిచెను. ఆయన దీర్ఘకాయులు. తెల్లని తలపాగ క్రింద నెఱ్ఱని బొట్టు. ఆయన పలికిన మాటలలో అరసున్నలు సైతము చెవికి వినవచ్చునని యందురు కావున వానిని మాత్రము ఉన్నవి యున్నట్లు వ్రాయుచున్నాము. గోడలను అట్టలను కలయజూచి నల్లబల్లమీది శీర్షికకు వచ్చునప్పటి కాయన ముఖము వికసించెను. సన్యాసయ్య పంతులు ఊపిరి విడిచెను. శాస్త్రులవారు స్వహస్తముతో సుద్ద గైకొని ముత్యములవంటి యక్షరములతో లెక్క నొకదానిని వ్రాసిరి.

"ఒక నేఁతగాఁడు దినమునకు మూఁడు మూరల బట్ట నేయును. ఇరువదినాలుగు దినములలో నెన్ని మూరలు నేయును?"

పలకలమీద బలపముల చప్పుడు కొంతసేపు సాగి ఆగిపోయెను. విశ్వపతికి ధైర్యము చిక్కెను. ఇంత సులభమైన లెక్కలో గవరయ్య సైతము ఏ దేశమునకును పాఱిపోజాలడు. శాస్త్రులవారు మొదటి పలక యెత్తి చూచి కనుబొమలు ముడిచిరి. రెండవది చూచిరి. మూడవది చూచిరి. పదునొకండు పలకలును చూచి వెనుకకు తిరిగి విశ్వపతిని చూచిరి. విశ్వపతి ముందునకు వంగి చూచెను. పదునొకండు పలకలమీదను మున్నూటయఱువది.

"మూఁడును నిరువదినాలుగును హెచ్చింప మున్నూటయఱువది యగునా? ఎవరైనఁ జెప్పుఁడు."

పైడమ్మ లేచెను. ఆ పిల్ల చేయి తనకు తెలియకయే నెత్తిమీదికి పోయెను.

"మూడుకి మీరు అరసున్నెట్టారు గదండి. నిండుదెడితే ముప్పయ్యి. అరదెడితే పదేను. పదేను ఇరవైనాలుగులు మూడొందలరవయ్యండి." అని యొకక్షణమాగి మఱల ననెను. "మాయయ్య పొద్దుగూకులూ నేసినా పదేను మూరలు ఎల్లవండి. అయినా పరీచ్చలో ఇచ్చారు గదాని ఏసేసినామండి."

"అరసున్న కీ విలువ నెవరు చెప్పిరి?" అని శాస్త్రులవారు ప్రశ్నించిరి.

సన్యాసయ్య పంతులు విశ్వపతి చెవిలో "పిల్ల పొరబడిందని అనవయ్యా, పిల్ల పొరబడిందను" అని గొణిగెను. ఆ మాట యనుట యెంత సులభము! తొమ్మిదేండ్లు నిండని సాలెపిల్ల పొరబడినదన్నచో నమ్మనివా రెవరు? అన్నచో నాతని యుద్యోగమునకు లోపము రాదు. కాని లెక్క రాని తరగతి యని వ్రాసికొని శాస్త్రులవారు బండి యెక్కుదురు. ఐదుగురు బాలికలును కండెల బుట్టల ముందు చేరుదురు. విశ్వపతి యా పిల్లను చూచెను. ఆమె తననే చూచుచుండెను. తనను కాపాడుమని కాదు. తాను చెప్పినది సరియే గదా యని.

అప్పుడు విశ్వపతికి సిగ్గు వేసెను. ఆ సిగ్గు చెవులవఱకు నెక్కెను. ఎన్నడో గతించినవా డెవడో ఒక గుర్తునకు విలువ యేమని యడిగెనని యేడాది పొడుగున కంఠశోష పడి చెప్పినవాడు తాను. అదే ప్రశ్నను బ్రదికియున్న పిల్ల తన యెదుట నిలిచి యడిగినప్పుడు దాని నెత్తిన మొట్టినవాడును తానే. ఆమె పరిహాసమాడలేదు. చెప్పిన సూత్రమును చెప్పనిచోటికి నడిపించి చూచెను. చరిత్రయని తాను పాడుచున్నది ఇదియే గదా! పిల్లలకు చరిత్ర పట్టలేదని నెత్తి కొట్టుకొనుచున్నవాడు అది పట్టిన గడియను తానే గుర్తింపలేకపోయెను.

"నేను చెప్పానండి. నిన్న కోపంలో చెప్పాను. తప్పు పిల్లలది కాదు, నాది. వాళ్లు నేను చెప్పిందానికి లెక్క సరిగ్గానే చేశారు. కావలిస్తే అరసున్న తీసేసి అడగండి."

శాస్త్రులవారు నల్లబల్లవైపునకు తిరిగిరి. ఆయన చేయి నల్లబల్లమీద కొంతసేపు తారట్లాడెను. ముప్పదియేండ్ల కొలువులో నే బడిలోను ఏ మాటనుండియు తన చేతితో అరసున్నను తుడిచినవారు కారు. కడకు కన్నులు మూసికొని చిటికెనవ్రేలితో మూఁడులోని కొడవలిని తుడిచివేసిరి. అది తుడుపుపడునంతలోనే పదునొకండు కంఠములు ఒక్కమాఱుగా "డెబ్బైరెండు" అని యఱచెను. గవరయ్య కంఠము అన్నిటికంటె బిగ్గరగా నుండెను. శాస్త్రులవారు మఱి యెనిమిది లెక్కలు అంకెలతోనే యిచ్చిరి. ఒక్కటియు తప్పలేదు.

ఆయన పర్యవేక్షణపుస్తకము తెప్పించి చాలసేపు వ్రాసిరి. వ్రాసి ముగించి కలము దించి విశ్వపతివంక చూచిరి.

"తరగతిని స్థిరపఱచితిని. పిల్లలు మీరు చెప్పినదాని నమ్మిరి. నమ్మఁదగనిది చెప్పినవాఁడు వారిముందు నిలువఁదగఁడు. గెడ్డ యవతలి యూరి శిశుతరగతికి మిమ్ముఁ బంపుచున్నాను. అచట నక్షరములు మాత్రమే కలవు, లెక్కలు లేవు."

విశ్వపతి తల వంచి "చిత్తము" అనెను. శాస్త్రులవారి బండి కదలి వీధిలోని పడుగుల ప్రక్కనుండి సాగిపోయెను. ఆ సాయంకాలమే మూడవ తరగతి నిలిచినదను వార్త మగ్గమునుండి మగ్గమునకు పాఱెను. దానికై పోయినదేమో యెవరును విచారింపలేదు.

ఉగాది వెళ్లిన నాలుగవనాడు క్రొత్త యుపాధ్యాయుడు వచ్చి చేరెను. ఆ యుదయముననే విశ్వపతి తన పెట్టెను బండిలో పెట్టించెను. వీడ్కోలు చెప్ప వచ్చినది పైడమ్మ యొక్కతెయే. తక్కినవారు క్రొత్త పంతులు బెత్తము పొడుగు కొలుచుటలో నుండిరి. విశ్వపతి యా పిల్ల ముందఱ గొంతుకూర్చుండి అరసున్న అనునది ఎప్పుడో ముక్కుతో పలికిన ధ్వనికి మిగిలిన గుర్తనియు దానికి లెక్కలో విలువ లేదనియు ఆనాడు తాను చెప్పినది కోపపు మాటయనియు చెప్పెను.

"అయితే అయిదురెట్లు సేసే గుర్తు ఎవులూ ఎట్టనేదేటండి?"

"నాకు తెలిసినంతలో లేదమ్మా."

"ఎట్టకూడదేటండి?"

"ఎందుకు కూడదూ? అందరూ ఒప్పుకుంటే పెట్టవచ్చు. సున్నకీ అలాగే ఒప్పుకున్నారు."

బండివాడు ఎండ యెక్కుచున్నదని కేకవేసెను. విశ్వపతి లేచి బండి యెక్కి కూర్చుండెను. ఎద్దులు మెడలు సవరించుకొనుచుండ పైడమ్మ చక్రము ప్రక్కకు వచ్చి నిలిచెను.

"పంతులుగోరూ, సున్న కనిపెట్టినాయనికి ఆళ్ల పంతులుగోరు మొట్టికాయ ఎట్టారేటండి?"

ఏడాది పొడుగున చరిత్ర చెప్పినవానికి ఆ చరిత్రను గూర్చి యెవరైనను తమంత తాము అడిగిన మొదటి ప్రశ్న యది. ఏ గ్రంథములోను దానికి సమాధానము లేదు. విశ్వపతి బండినుండి వంగి బదులు చెప్పెను.

"పెట్టేవుంటారమ్మా."

"ఆ పంతులుగోరి పేరేటండి?"

"ఎవరికీ గుర్తులేదు."

పైడమ్మ యిది సబబే యన్నట్లు తల యూపెను. అంతలో బడిలో గంట మ్రోగెను. అది మూడవ తరగతి గంట. ఆ పిల్ల బండివంక మఱల చూడక పలక చంకనిఱికించుకొని పరుగెత్తెను.